ఏజెంటుగారి ఆమేన్

మా మందిరానికి ఈ ఏడు సున్నం కొట్టించాం. పని సగంలో ఉండగా మేస్త్రి నిచ్చెన మీద నుంచి నన్ను కేకేశాడు.

"అయ్యవారూ, ఈడ కప్పుకి నల్లటి మచ్చ ఒకటి ఉండాది. ఎన్ని చేతులు కొట్టినా మళ్ళా పైకి తేలతా ఉండాది. వాన కారతా ఉందా ఏంది?"

"వాన కాదు నాయనా, దీపం మసి. కిరసనాయిలు మసి సున్నానికి లొంగదు."

"గుళ్ళో కిరసనాయిలు దీపమా!" అని నవ్వాడు. ఊళ్ళోకి కరెంటు వచ్చాక పుట్టినవాడు. ఆ మధ్యాహ్నమంతా నాకు ఏజెంటుగారు గుర్తొస్తూనే ఉన్నారు.

ఆయన్ని పేరు పెట్టి పిలిచిన మనిషిని నేను చూడలేదు. భార్య కూడా వచ్చినవాళ్ళతో "ఏజెంటుగారు అన్నం తింటా ఉండారు, కూర్చోండి" అనేది. గూడూరుకు తూర్పున, సముద్రం వైపున ఉన్న మా ఊరికీ, ఒడ్డున ఉన్న పల్లెలకూ ఒక విదేశీ కంపెనీ కిరసనాయిలు అమ్మే ఏజెంటు ఆయన. మా క్రైస్తవ సంఘంలో పెద్ద. మందిరంలో దీపం వెలిగించే పని ఇంకెవరికీ ఇచ్చేవారు కాదు. కప్పు నుంచి గొలుసుకు వేలాడే గుండ్రటి వత్తి దీపం అది, దొరల కాలం నాటిది. దాని గ్లాసును తన పైపంచె కొసతో ఆయనే తుడిచేవారు. యాభైల చివర నేను సంగం అనే ఊరి నుంచి ఇక్కడి మిషన్ బడికి పంతులు పనికి వచ్చినప్పుడు మొదట చూసింది ఆయన్నే. చూడడం కంటే ముందు వాసన తగిలింది. ఎంత ఉతికిన చొక్కా వేసుకున్నా ఆయన దగ్గర కిరసనాయిలు వాసన వచ్చేది. ప్రార్థనలో కళ్ళు మూసుకున్న పిల్లలు, ఏజెంటుగారు ఏ బెంచీ మీద కూర్చున్నారో కళ్ళు తెరవకుండా చెప్పేవాళ్ళు.

గూడూరు స్టేషను నుంచి ఇనుప పీపా బండి రాగానే ఆయన కుళాయి తిప్పి నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకునేవారు. రెండు చేతులూ రుద్దుకుని, ముఖం దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చి "ఆమేన్" అనేవారు. ఆ తర్వాతే పీపా దించేది. నేను మొదటిసారి చూసినప్పుడు నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయనేమీ అనుకోలేదు.

"నవ్వండి అయ్యవారూ. రేపు రాత్రి మీరు పిల్లకాయల పలకలు దిద్దేది ఈ వెలుగులోనే గదా. చెడ్డ నూనెకి ఆమేన్ చెప్పి మీ కంట్లో పొగ పెట్టమంటారా?"

ఆయన ప్రార్థన పొడుగు. రోగుల్ని, విధవరాళ్ళని, ఒడ్డున వేటకు పోయినవాళ్ళని, అందరినీ తలచుకున్నాక, "మద్రాసు డిపోను, నూనె తెచ్చే ఓడల్ను, రిఫైనరీ మంటల దగ్గర పనిచేసే బిడ్డల్ను కాయుము తండ్రీ" అనేవారు. ఆడవాళ్ళ వైపు నుంచి కిసకిసలు వినిపించేవి. ఒకసారి పాస్టరుగారు మెల్లగా అడిగారు.

"ఏజెంటుగారూ, ప్రార్థనలో కంపెనీ సంగతి ఎందుకండీ?"

"నూనె ఇచ్చేది దేవుడయ్యా, తెచ్చి పోసేది వాళ్ళు. అన్నం వండిన మనిషిని మరిచిపోయి అన్నానికి మాత్రం వందనాలు చెప్తే ఎట్టా?"

పాస్టరుగారు నవ్వేసి పాటల పుస్తకం తెరిచారు.

కంపెనీవాళ్ళు ఒకసారి ఏజెంట్లందరినీ రైలెక్కించి, ఉత్తరాన సముద్రపు ఒడ్డున కొత్తగా కట్టిన రిఫైనరీ చూపించారు. తిరిగి వచ్చాక కొన్నాళ్ళు ఆయన నేల మీద నడవలేదు. సండేస్కూలు పిల్లల్ని కూర్చోబెట్టి ఆ కథే చెప్పేవారు. ఆకాశమంత ఎత్తు ఇనుప స్తంభాలట. ఒక గొట్టం కొసన రేయింబవళ్ళు ఆరని మంటట. పగలు పొగ, రాత్రి అగ్ని. అరణ్యంలో దేవుని ప్రజల ముందు నడిచిన స్తంభం ఇట్లాగే ఉండి ఉంటుందని ఆయనకు అనిపించిందట.

"ముడినూనె తారులాగా నల్లగా ఉంటాదిరా పిల్లకాయలూ. దాన్ని కాచి స్తంభంలోకి ఆవిరి ఎక్కిస్తారు. తేలికది పైకి పోయి పెట్రోలు అయిపోతాది. నడిమి అంతస్తులో మన కిరసనాయిలు. దాని కింద డీజిలు. అడుగున రోడ్డుకేసే తారు. నిప్పు ఒకటే, నూనె ఒకటే. ఎవరి బరువుని బట్టి వాళ్ళ చోటు. తీర్పు దినాన మనకీ అంతే."

పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. నేనూ వినేవాణ్ణి. ఆయనకు ఆ స్తంభం మీద ఉన్న నమ్మకం చూస్తే నాకు ముచ్చటగా ఉండేది. మనుషులు మోసం చేస్తారు, అంగళ్ళు మోసం చేస్తాయి. నిప్పులోంచి వచ్చింది మాత్రం మారదని ఆయన నమ్మారు.

ఆయన దృష్టిలో అన్ని పాపాలకూ పెద్ద కల్తీ. పదిమంది కన్యకల ఉపమానం చెప్పినప్పుడల్లా, బుద్ధిగల ఐదుగురు తమ దీపాల నూనెలో వాటా, నూనె తెచ్చుకోని మిగతా ఐదుగురికి ఎందుకు ఇవ్వలేదని అందరికీ వచ్చే సందేహానికి ఆయన దగ్గర ఒక అర్థం ఉండేది. "లేని వాళ్ళకి సగం పోసి, తమ సగంలో నీళ్ళు కలుపుకోవాలనే ఆలోచన వాళ్ళకి రాకూడదని ఇయ్యలేదు" అనేవారు. ఏ వ్యాఖ్యానంలోనూ ఆ అర్థం లేదు. కాని ఆయన చెప్తుంటే ఉన్నట్టే ఉండేది.

ఆయన పీపా బండి తోలేది దేవదానం. మా సంఘంవాడే. అమ్మానాన్నలు లేని వాణ్ణి చేరదీసి, బాప్తిస్మం ఇప్పించి, సంతోషమ్మతో పెళ్ళి జరిపించింది ఏజెంటుగారే. దేవదానం నోరు ఊరుకోదు.

"పెద్దయ్యా, మీ ప్రార్థనలో ఓడలు ఉండాయి, రైళ్ళు ఉండాయి, నా ఎద్దులు మాత్రం లేవు. అవి ఈ మధ్య మీ మీద అలిగి ఉండాయి."

"నీ ఎద్దులకి ప్రార్థన కంటే తవుడు ముఖ్యంరా."

"అది కూడా మీరే పెట్టాల గదా!"

వాళ్ళిద్దరూ అట్లా మాట్లాడుకుంటుంటే దారినపోయేవాళ్ళు నిలబడి వినేవాళ్ళు.

అరవైలు మొదలయ్యాక గూడూరులో ఒక కొత్త అంగడి తెరిచారు. సర్కారువారి కొత్త కంపెనీ నూనె. అది రష్యా నుంచి ఓడల్లో వస్తుందని అనుకున్నారు. ధర తక్కువ. ఏజెంటుగారు లెక్కచేయలేదు.

"దేవుడే లేడనే దేశం నూనె అది. దాంతో గుళ్ళో దీపం పెడతారా ఎవరైనా?" అనేవారు.

"నూనెకి మతమేంది పెద్దయ్యా, వెలిగితే చాలదా?" అన్నాడు ఒకరోజు దేవదానం.

నవ్వుతూ అన్న మాటే. ఏజెంటుగారు ఆ రోజు నవ్వలేదు.

కొంతకాలానికి ఆయన నూనెలో తేడా వచ్చింది. మొదట ఒడ్డు పల్లెల ఆడవాళ్ళు చెప్పారు, లాంతరు గ్లాసు పూటకే నల్లబడుతోందని. తర్వాత మా బడి హాస్టలు పిల్లలు ముక్కులు నల్లగా చేసుకుని లేవడం మొదలైంది. బండి వచ్చినప్పుడు ఏజెంటుగారు చేతులు రుద్దుకుని, వాసన చూసి, మళ్ళీ రుద్దుకుని చూసేవారు. ఆమేన్ అనేవారు కాదు. పంచెకు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయేవారు. నూనె రంగు కూడా కాస్త పచ్చబడ్డట్టు నాకు అనిపించింది.

స్టేషనులో కంపెనీ ట్యాంకు నుంచి పీపాలోకి పడుతుంది. పీపా నుంచి గోడౌనులోకి వస్తుంది. నడుమ ఉన్నది దేవదానం ఒక్కడే. ఆ ఆలోచన ఏజెంటుగారికి ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు గాని, దానికి తోడు ఎవరో చూసినట్టు చెప్పారు. గూడూరులో కొత్త కంపెనీ అంగడి ముందర దేవదానం బండి ఆగి ఉందట, ఒకసారి కాదు, చాలాసార్లు.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల వారంలో గురువారం సాయంత్రం. ప్రభువు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, రొట్టె, గిన్నె పెట్టి ఉన్నాయి. ఏజెంటుగారు దీపం వెలిగించారు. పాట నడుస్తుండగా మంట ఎర్రబడి, పైకి లేచి, గ్లాసు నిండా పొగ కమ్మింది. ఆయన గొలుసు దించి వత్తి తగ్గించేలోపే మసి పెళ్ళలు పెళ్ళలుగా రాలి, గుడ్డ మీద, రొట్టె మీద పడింది. పాట ఆగిపోయింది. ఒక పిల్ల ఏడ్చింది.

ఏజెంటుగారు ఆ రొట్టెను చూస్తూ నిలబడ్డారు. తర్వాత సంఘం వైపు తిరిగారు. బైబిల్లో కోట గోడ కూలినాక, దేవునికి చెందిన సొమ్మును గుడారంలో పాతిపెట్టిన మనిషి కథ చెప్పారు. ఒక్కడి దొంగతనం వల్ల జనమంతా ఓడిపోయిన కథ.

"మన మధ్య పాపం దాగి ఉండాది. అది నా బండి మీదే వచ్చినాది" అన్నారు. "దేవదానం, లేచి నిలబడు."

దేవదానం లేచాడు. అప్పటికింకా వాడి ముఖం మీద, ఇదేదో వేళాకోళం అనుకున్న నవ్వు ఉంది.

"ఆ కొత్త అంగడి దగ్గర బండి ఎందుకు ఆపినావు?"

"ఎద్దులకి నీళ్ళు పెట్టను పెద్దయ్యా. రాతి తొట్టి ఆ అంగడి ముందరే గదా ఉండేది."

"వాళ్ళ నూనె మన పీపాలో కలిపినావా, లేదా?"

నవ్వు అప్పుడు పోయింది. "లేదు."

ఆదివారం సంఘకూటం పెట్టారు. మా సంఘాల్లో పద్ధతి అందరికీ తెలిసిందే. తప్పు చేసినవాడు అందరి ముందూ ఒప్పుకుంటే మరుసటి నెల బల్లకు వచ్చి రొట్టె తీసుకుంటాడు. ఒప్పుకోకపోతే, ఒప్పుకునేదాకా బల్లకు దూరంగా ఉంటాడు. పాస్టరుగారు దేవదానాన్ని బతిమాలారు. సంతోషమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి లేచి వచ్చి వాడి చెయ్యి పట్టుకుంది.

"ఒక్క మాట అనెయ్యి. ఒక్క నెలతో అయిపోతాది. పదిమందిలో నన్ను ఇట్టా నిలబెట్టబాక."

వాడు ఆమె చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. "చేయని దాన్ని చేసినానంటే అది అబద్ధం గదయ్యా. అబద్ధం చెప్పి రొట్టె తింటే అది నాకు అరుగుతాదా?" అన్నాడు పాస్టరుగారితో.

వాణ్ణి దూరం పెట్టాలనేవాళ్ళు చేతులెత్తమన్నారు. నా సభ్యత్వం ఇంకా సంగం సంఘంలోనే ఉండడం వల్ల నాకు ఓటు లేదు. వెనక బెంచీలో కూర్చుని ఆ చేతులన్నీ చూశాను. ఏజెంటుగారి చెయ్యి అందరికంటే ముందు లేచింది. అందరికంటే చివర దిగింది. నెల తిరగకముందే దేవదానం ఎద్దుల్నీ భార్యనీ తీసుకుని ఊరు విడిచిపోయాడు.

బండివాడు మారాడు. నూనె మారలేదు. ఏజెంటుగారు పీపాను లోపలికి మనిషిని దింపి తోమించారు. తానే గూడూరు వెళ్ళి, ట్యాంకు దగ్గర నిలబడి పట్టించుకుని, బండి వెంట నడిచి వచ్చారు. అయినా దీపం పొగలు కక్కుతూనే ఉంది. ఆ రోజుల్లో ఆయన గోడౌను అరుగు మీద కూర్చుని అరచేతుల్ని చూసుకునేవారు.

మరుసటి ఏడు మద్రాసు నుంచి కంపెనీ ఇన్‌స్పెక్టరు జీపులో వచ్చాడు. హాస్టలుకు నూనె పట్టించుకోవడానికి వెళ్ళిన నేను అక్కడే ఉన్నాను.

"ఏమండీ ఏజెంటుగారూ, అమ్మకాలు ఇలా పడిపోయాయేమిటి?"

"నూనె పొగ కక్కతా ఉంటే ఎవరు కొంటారు సార్? నేను చేయాల్సిందంతా చేసినా. యాడ కల్తీ జరగతా ఉందో తెలియడంలా."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "కల్తీ ఎక్కడిదండీ! రిఫైనరీలో పద్ధతి మారింది. కొత్త కంపెనీ తక్కువకి అమ్ముతుంటే మనం చేతులు కట్టుకుని కూర్చుంటామా? ముడినూనె ఇప్పుడు వేరే రకం, చవకది. పైగా ఈ దేశంలో కార్లు ఎన్ని ఉన్నాయి చెప్పండి? పెట్రోలు తీసి ఎవరికి పోయాలి? కావలసింది దీపాలకి కిరసనాయిలు, ఇంజన్లకి డీజిలు. అందుకని స్తంభంలో కిరసనాయిలు తీసే అంతస్తును కాస్త వెడల్పు చేశారు. మునుపు డీజిల్లోకి వదిలేసే బరువు భాగం కొంత ఇప్పుడు ఇందులోకే వస్తోంది. కొంచెం రంగు, కొంచెం పొగ, అంతే. సర్కారు పెట్టిన స్టాండర్డు దాటలేదు. పరీక్ష చేసే పంపుతారు. వత్తి తగ్గించి పెట్టుకోమనండి."

ఏజెంటుగారు పక్కనున్న ఖాళీ డ్రమ్ము మీద కూర్చున్నారు. "ఎప్పటి నుంచి సార్?"

"అయింది, నిరుడు ఎండలు ముదరకముందు నుంచి."

అంటే ఆ గురువారానికి ముందు.

"మాకెందుకు చెప్పలేదు?"

"చెప్పడానికేముందండీ ఇందులో? తప్పేమైనా జరిగితే చెప్పాలి గాని." ఇన్‌స్పెక్టరు సంచి సర్దుకున్నాడు. "నా మాట వినండి, మీరూ మారాలి. కిరసనాయిలునే నమ్ముకోకండి. నిమ్మతోటలకి ఇంజన్లు వస్తున్నాయి, ట్రాక్టర్లు వస్తున్నాయి. డీజిలు పెట్టండి."

"నూనె మారితే ఒక్క కబురు చెయ్యని వాళ్ళు, నన్ను మారమని చెప్పను జీపేసుకొని వచ్చినారా సార్?"

ఆయన గొంతు పెంచి మాట్లాడడం నేను విన్నది అదే. ఇన్‌స్పెక్టరు కాఫీ తాగకుండా వెళ్ళిపోయాడు.

ఏజెంటుగారు డ్రమ్ము మీద నుంచి లేవలేదు. "అంతస్తుల సంగతి పిల్లకాయలకి చెప్పింది నేనే గదా అయ్యవారూ," అన్నారు నాతో. "ఆ అంతస్తుని జరపవచ్చని నాకు తట్టలేదు. మనిషి మారినాడని నమ్మినా గాని, కంపెనీ మారిందని నమ్మలేకపోయినా." తర్వాత లేచి, "మీరు రేపు నాతో వస్తారా?" అన్నారు.

దేవదానం సూళ్లూరుపేట దగ్గర ఎండుచేపల బండి తోలుతున్నాడని విన్నాం. గూడూరులో ప్యాసింజరు ఎక్కి సూళ్లూరుపేటలో దిగాం. వాడు రోడ్డు మీదే ఎదురయ్యాడు. మూటల మధ్య నుంచి దూకి వచ్చాడు.

"పెద్దయ్యా! రండి రండి. దగ్గరికి రాబాకండి కూడా. ఇప్పుడు నా వాసన ముందర మీ వాసన చాలదు."

ఏజెంటుగారు ఆ దుమ్ములోనే వంగి వాడి కాళ్ళు పట్టుకోబోయారు. దేవదానం వెనక్కు గెంతాడు.

"లేవండి, లేవండి! ఎద్దులు బెదురుతాయి."

"నువ్వు కలపలేదురా. రిఫైనరీలోనే మార్చినారంట."

"కలపలేదని నాకు ఆనాడే తెలుసు పెద్దయ్యా. ఇప్పుడు మీకు తెలిసినాది. అంతే గదా తేడా."

"నన్ను క్షమించినావా?"

"పోయిన కోతలప్పుడే క్షమించినా. అంత బరువు మోసుకొని తిరగను బండి మీద చోటు యాడుంది?"

ఏజెంటుగారి కళ్ళు నిండాయి. "అయితే రా. వచ్చే నెల బల్ల దగ్గర నా పక్కన కూర్చో."

దేవదానం ముఖంలో వెలుగు తగ్గింది. ఎద్దు మెడ నిమురుతూ నిలబడ్డాడు. "మీరొక్కరే అయితే ఇప్పుడే బండెక్కి వచ్చుందును. ఆ రోజు అందరూ చేతులెత్తినారు పెద్దయ్యా. నా పెళ్ళికి పూలు చల్లిన చేతులు. ఊరొదిలి పోతా ఉంటే ఒక్కరు గడప దాటి వచ్చి, యాడికిరా పోతుండావని అడగలా. నన్ను పంపించినోళ్ళు వచ్చి పిలిస్తే వస్తా."

వాడు అడిగింది పెద్ద కోరిక కాదు. ఏజెంటుగారు ఇంటికి వచ్చీ రాగానే సంఘకూటం పెట్టించి జరిగిందంతా చెప్పారు. తన తప్పు ఒప్పుకుని, "పదండి, అందరం సూళ్లూరుపేట పోదాం. వాడి గడప ముందర నిలబడి మనం తప్పు చేసినామని చెప్దాం" అన్నారు.

ఎవరూ కదల్లేదు. పాస్టరుగారు నిషేధం ఎత్తివేస్తున్నట్టు ప్రకటించారు. "ఇంకేం కావాల ఏజెంటుగారూ?" అన్నాడు ఒక పెద్దమనిషి. "మీరు చెప్తేనే గదా మేం చేతులెత్తింది. ఇప్పుడు సంఘమే తప్పు చేసినాదని సంఘం ఎట్టా అంటాది? కోతలు కానీండి, చూద్దాం." కోతలు అయ్యాయి. మళ్ళీ నాట్లు వచ్చాయి.

అప్పటి నుంచి ఏజెంటుగారు బల్లలో పాలుపంచుకోవడం మానేశారు. రొట్టె పళ్ళెం చేతికి వస్తే తీసుకోకుండా పక్కవాళ్ళకు అందించేవారు. దాని గురించి ఊళ్ళో మాటలు పుట్టాయి. దేవదానం మూలంగా పెద్దాయన పస్తు ఉంటున్నాడని, వాడిది ఎంత రాయిగుండె అని. ఆ మాట సూళ్లూరుపేట దాకా చేరింది. ఒక మధ్యాహ్నం వాడే వచ్చాడు. ఏజెంటుగారి వరండా ఎక్కలేదు. మెట్ల కిందే నిలబడ్డాడు. వాడికి కోపం రావడం ఆ రోజే చూశాను.

"నేనడిగినానా పెద్దయ్యా, నా పేరు చెప్పి రొట్టె మానుకోమని? ముందు దొంగనన్నారు. ఇప్పుడు పెద్దాయన్ని పస్తు పెట్టినోణ్ణంటా ఉండారు. రెండూ మీరే తెచ్చి నా మీద వేసినారు."

ఏజెంటుగారు లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నారు. "నీ కోసమే చేసినానురా అది."

"నా కోసం ఏమీ చెయ్యబాకండి. మీరు తినండి. నేనెప్పుడు తింటానో అది నాకూ ప్రభువుకీ."

మరుసటి నెల ఆయన రొట్టె తీసుకున్నారు. ముక్క జారి ఒడిలో పడింది. ఏరుకుని నోట్లో పెట్టుకున్నారు. ఆ తర్వాత కూటం జరిగిన ప్రతిసారీ లేచి ఒకే మాట అడిగేవారు: "సూళ్లూరుపేటకి నాతో ఎవరు వస్తారు?" ఎవరూ పలకకపోతే కూర్చునేవారు. కొన్నాళ్ళకు జనం ఆయన లేవగానే పాటల పుస్తకాలు తీసుకోవడం అలవాటు చేసుకున్నారు. ఒకటి రెండుసార్లు ఆయనతో నేను వెళ్ళాను. మా ఇద్దరికీ దేవదానం మజ్జిగ ఇచ్చి, ఎద్దుల మీద జోకులు చెప్పి, రైలెక్కించి పంపేవాడు. మేం వాడు చెప్పిన సంఘం కాదు కదా.

ఏజెన్సీ ఆయన వదిలేశారు. కంపెనీ ఊరి మొగదల వేరొకరి చేత డీజిలు పంపు పెట్టించింది. మందిరంలోకి కరెంటు వచ్చింది. దీపం దించేశారు. రిఫైనరీలో పనిచేసే బిడ్డల కోసం ప్రార్థన మాత్రం మానలేదు. "వాళ్ళు చేసింది ఎవరికి తగిలిందో వాళ్ళకి తెలియదు గదా, అందుకే ఇంకా ఎక్కువ చెయ్యాల" అన్నారు నాతో. నా బతుకులో విన్న ప్రసంగాలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు. ఆయన తప్పు చేశారు. గొప్ప తప్పు. ప్రభువు మందలో గొర్రెను తన చేత్తోనే బయటికి తోలారు. కాని దాన్ని వెతుక్కుంటూ పోయింది కూడా మా అందరిలో ఆయన ఒక్కరే.

అరవైల చివర ఒక శుక్రవారం ఆయన కన్నుమూశారు. బస్సు డ్రైవరు చేత కబురు పంపాను. శనివారం దేవదానం బండి తోలుకుని వచ్చాడు. పెట్టె ఒక కొస భుజాన పట్టాడు. మట్టి పోసేటప్పుడు పారను ఇంకెవరికీ ఇవ్వలేదు. ఎద్దులు అలిసి ఉండడంతో ఆ రాత్రి పాత గోడౌను అరుగు మీదే పడుకున్నాడు.

మరునాడు నెల మొదటి ఆదివారం. రొట్టె, గిన్నె సిద్ధంగా ఉన్నాయి. పాట మొదలయ్యాక వెనక్కు చూస్తే, దేవదానం వాకిలి దగ్గర నిలబడి ఉన్నాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. పెదవులు పాటతో కదులుతున్నాయి. మాలో చాలామంది చూశాం. చూసి, పాట ఇంకొంచెం గట్టిగా పాడాం. పళ్ళెం మొదటి వరస దాటింది, రెండో వరస దాటింది. చివరి బెంచీ దాకా వచ్చి తిరిగి బల్ల మీదకు చేరింది. దేవదానం తలగుడ్డ చుట్టుకుని మెట్లు దిగాడు. బండి చప్పుడు సూళ్లూరుపేట దారిన పోవడం లోపలున్న అందరికీ వినిపించింది.

లేచి వాకిలి దాకా వెళ్ళి వాణ్ణి లోపలికి పిలిచే మనిషిని మేం నిన్ననే పాతిపెట్టి వచ్చాం.